మదనపల్లెలో బి.సి.జి. పరీక్ష

టీకా వేయించుకొన్న ఒక బాలునికి పదేండ్లు గడిచినా క్షయ రాలేదు. ఇది టీకా గుణమేనా? టీకా వేయించుకోని ప్రక్కింటి బాలునికి గూడ క్షయ రాలేదు. అట్లయితే టీకా వ్యర్థమా? ఒక్కొక్క మనిషిని చూచి ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం సాధ్యం కాదు. ఆ జవాబు కొరకు 1950 మొదలుకొని మదనపల్లె చుట్టుపట్ల కొన్ని వేలమందిని ఏండ్ల తరబడి గమనించవలసి వచ్చినది.

మదనపల్లె 2022 వరకు చిత్తూరు జిల్లాలోనిది. సుమారు 2,300 అడుగుల ఎత్తున, పొడిగాలి వీచే ప్రదేశం. దానికి సమీపాన ఆరోగ్యవరంలో 1915లో క్షయరోగుల కొరకు యూనియన్ మిషన్ శానిటోరియం వెలసినది. ఆ రోజులలో క్షయను నయం చేసే మందు లేదు. విశ్రాంతి, బలమైన ఆహారం, మంచి గాలి ఇవే చికిత్స. స్ట్రెప్టోమైసిన్ 1940 తర్వాత గాని రాలేదు. వచ్చిన రోగానికి చేయగలిగినది అంత స్వల్పంగా ఉన్నప్పుడు, రోగం రాకుండా చేసే ఉపాయం మీద వైద్యులకు ఆశ ఎక్కువగా ఉండడం సహజమే.

ఆ ఉపాయమే బి.సి.జి. టీకా. ఫ్రాన్సు దేశంలో కాల్మెట్, గేరాన్ అనే శాస్త్రజ్ఞులు పశువుల క్షయక్రిమిని పైత్యరసం కలిపిన బంగాళాదుంప ముక్కల మీద పెంచుతూ, ఒకదాని మీదినుండి మరొకదాని మీదికి 230 సార్లు మార్చారు. 1908లో మొదలుపెట్టిన ఈ పని ముగిసేసరికి పదమూడేండ్లు పట్టినది. చివరకు ఆ క్రిమికి రోగం కలిగించే శక్తి పోయి, శరీరాన్ని మేల్కొలిపే శక్తి మాత్రం మిగిలినది. మన దేశంలో 1948లో ఈ టీకా వేయడం ప్రారంభించినపుడు తొలి కేంద్రాలలో మదనపల్లె ఒకటి.

టీకా హాని చేయదని తెలిసినంత మాత్రాన మేలు చేస్తుందని తెలిసినట్లు కాదు. డాక్టరు యోహానెస్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో పరిశోధకులు మదనపల్లె పట్టణంలోను, చుట్టునున్న గ్రామాలలోను ప్రజల పట్టిక తయారుచేసి, ఎక్స్‌రే ఛాయాచిత్రాలు తీసి, ట్యుబర్క్యులిన్ పరీక్ష జరిపారు. ముంజేతి చర్మంలోనికి ట్యుబర్క్యులిన్ ఎక్కించిన తర్వాత రెండు మూడు దినాలలో అక్కడ గట్టిగా వాచినట్లయితే, ఆ మనిషి శరీరంలోనికి క్షయక్రిమి అంతకుముందే ప్రవేశించినదని గ్రహిస్తారు. అట్లా వాపు కనిపించనివారిని ఒకరు విడిచి ఒకరు చొప్పున రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికే టీకా వేశారు.

ఒకరిని విడవడం ఎందుకు? అడిగినవారికల్లా వేసి, అడగనివారితో పోల్చరాదా? రాదు. టీకా కొరకు తామై ముందుకు వచ్చేవారిలో కడుపునిండా తిండి, గాలి వెలుతురు గల ఇల్లు ఉన్నవారు ఎక్కువగా ఉండవచ్చు. వారికి టీకా వేయకపోయినా క్షయ తక్కువగానే వచ్చేది. ఆ తగ్గుదలను టీకా ఖాతాలో జమకడితే లెక్క తప్పుతుంది. ఒక వర్గాన్ని టీకా లేకుండా వదలడం క్రూరమనిపించవచ్చు; కాని మేలు ఉన్నదో లేదో ఇంకా ఎవరికీ తెలియని వస్తువును అందరికీ ఇవ్వడం కూడ దయ అనిపించుకోదు. అయితే ఒకరు విడిచి ఒకరు అనే పద్ధతిలో ఒక చిక్కు లేకపోలేదు. తర్వాతి వంతు ఎవరిదో టీకా వేసేవానికి ముందే తెలుస్తుంది కనుక, తెలిసోతెలియకో వరుస మార్చే అవకాశం ఉన్నది. చీట్లు వేసినట్లు యాదృచ్ఛికంగా పంచడం ఇంతకంటె మేలైన పద్ధతి.

1973లో ప్రకటించిన ఫలితాలు ఇవి. టీకా పొందిన 5,069 మందిలో 33 మందికి, పొందని 5,808 మందిలో 47 మందికి క్షయ వచ్చినది. అంటే వేయికి 6.5, వేయికి 8.1. నూటికి ఇరవై వంతుల తగ్గుదల!

ఇక్కడ కొంచెం నిదానించాలి. టీకాకు ఏ గుణమూ లేదనుకొందాము. అప్పుడు మొత్తం 80 మంది రోగులు వర్గాల పరిమాణాన్ని బట్టి పంపిణీ కావాలి. ఆ లెక్కన టీకా వర్గానికి 37 మంది వస్తారు. నిజానికి వచ్చినది 33. తేడా నలుగురే. ఒక నాణేన్ని 80 సార్లు ఎగురవేస్తే బొమ్మ 40 సార్లు పడాలి; 36 సార్లు పడితే ఎవరూ ఆశ్చర్యపోరు. (ఉపాధ్యాయులు తరగతిలో పిల్లలచేత దీనిని చేయించి చూడవచ్చు.) కనుక మదనపల్లె అంకెలు టీకా పనిచేసినదని గాని, పనిచేయలేదని గాని తేల్చి చెప్పలేవు.

ఇదే కాలంలో ఇంగ్లండులో బడి ముగించే వయసు పిల్లలపై జరిగిన పరీక్షలో తేడా స్పష్టంగా కనిపించినది. టీకా పొందిన 13,598 మందిలో 62 మందికి, పొందని 12,867 మందిలో 248 మందికి వ్యాధి సోకినది. పై విధంగానే లెక్కిస్తే, టీకా నిష్ప్రయోజనమైనచో మొదటి వర్గంలో సుమారు 159 మంది ఉండాలి. 159కి బదులు 62 రావడం కేవలం నాణెపు చలవ కాదు.

మరి దక్షిణ భారతంలో సంగతి తేల్చడానికి ఇంకా పెద్ద పరీక్ష కావలసి వచ్చినది. అది 1968లో చిత్తూరు జిల్లాకు ఆనుకొని ఉన్న నాటి చెంగల్పట్టు జిల్లాలో మొదలైనది. ఈసారి ఎవరికి టీకా, ఎవరికి ఉత్త మందునీరు పడినదో వేయించుకొన్నవారికీ తెలియదు, తర్వాత పరీక్షించిన వైద్యులకూ తెలియదు. 1980 నాటి లెక్క ప్రకారం ఒక్కొక్క పక్క సుమారు 88 వేలమంది. టీకా వర్గంలో రోగులు 505, రెండవ వర్గంలో 499. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను టీకా ఆపలేకపోయినది.

ఒకే టీకా ఇంగ్లండులో ఒకలాగ, ఇక్కడ మరొకలాగ ఎందుకు పనిచేసినది? ఎక్కువమంది అంగీకరించే కారణం ఇది: మన మట్టిలో, నీటిలో క్షయక్రిమికి దూరపు బంధువులైన సూక్ష్మజీవులు ఎన్నో ఉన్నవి. చిన్ననాటినుండి వాటితో మెలగిన శరీరానికి కొంత రక్షణ ముందే లభిస్తుంది. టీకా దానికి కొత్తగా చేర్చగలిగినది తక్కువ. పుట్టిన బిడ్డకు ఇంకా ఆ సంపర్కం లేదు. పసిపిల్లలకు ప్రాణాంతకమైన మెదడుపొరల క్షయనుండి బి.సి.జి. రక్షిస్తుందని వేరే అధ్యయనాలు చూపాయి. అందుచేతనే నేటికీ పుట్టగానే బిడ్డకు ఈ టీకా వేస్తున్నారు.

పెద్దల విషయం ఇంకా ముగియలేదు. 2024లో మన దేశంలోని పలు రాష్ట్రాలలో పెద్దలకు బి.సి.జి. వేసి ఫలితం చూచే అధ్యయనం ప్రారంభమైనది. టీకా వేసిన జిల్లాలను, వేయని జిల్లాలను పక్కపక్కన ఉంచి రోగులను లెక్కించడమే అందులోని పద్ధతి.