మాటలు రాని బిడ్డకు ముందు చూడాల్సింది చెవి

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో స్థిరపడిన తెలుగు ఇళ్లలో రెండేళ్ల బిడ్డ చెవిన మూడు భాషలైనా పడుతుంటాయి. అమ్మానాన్నలది తెలుగు, ఇంట్లో పనికి వచ్చే ఆమెదీ పక్కింటివాళ్లదీ హిందీ, ప్లే స్కూల్లో ఇంగ్లిష్. రెండో పుట్టినరోజు దాటినా బిడ్డ 'అమ్మ', 'తాత' తప్ప మరో మాట అనకపోతే సలహాలు మొదలవుతాయి. 'వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి' అని ఊరి నుంచి నాయనమ్మ ధైర్యం చెబుతుంది. 'మగపిల్లలు అంతే' అంటారు ఇంకొకరు. 'ఇన్ని భాషలైతే ఎలా? తెలుగు మానేసి హిందీలోనే మాట్లాడండి' అంటారు మరొకరు. 'వస నాకించారా?' అని అడిగేవారూ ఉంటారు.

వీటిలో కొన్ని మాటలకు ఆధారం ఉంది, కొన్నింటికి లేదు. అయితే ఈ చర్చ సాగినన్ని నెలలూ చాలా ఇళ్లలో జరగని పని ఒకటుంది. అది బిడ్డ వినికిడి పరీక్ష.

ఆలస్యం అంటే ఎంత?

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో సవరించిన జాబితా ప్రకారం, ఏడాదిన్నర వయసుకు బిడ్డ అమ్మ, నాన్న కాకుండా కనీసం మూడు మాటలు అనాలి. రెండేళ్లకు 'ఇంకా పాలు' వంటి రెండు మాటలను కలపాలి. ప్రతి నలుగురు పిల్లల్లో ముగ్గురైనా ఆ వయసుకు చేయగలిగే పనులనే ఈ జాబితాలో చేర్చారు. రెండేళ్లకు యాభై మాటలైనా రాని పిల్లలను, లేదా రెండు మాటలు కలపలేని పిల్లలను నిపుణులు 'ఆలస్యంగా మాట్లాడేవారు'గా పరిగణిస్తారు.

ఇలాంటి పిల్లలు అరుదేమీ కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1,766 మంది రెండేళ్ల పిల్లలపై జరిగిన అధ్యయనం 2007లో వెలువడింది. వారిలో 13.4 శాతం మందికి మాటలు ఆలస్యమయ్యాయి. మగపిల్లల్లోనూ, కుటుంబంలో అంతకుముందు ఎవరికైనా మాటలు ఆలస్యమైన పిల్లల్లోనూ ఇది ఎక్కువగా కనిపించింది. అంటే నాయనమ్మ మాటలో కొంత నిజముంది. ఈ పిల్లల్లో చాలామంది బడి వయసుకు మిగతావారిని అందుకుంటారు కూడా. కానీ అందరూ కాదు. అదే పరిశోధన బృందం ఏడేళ్ల వయసులో మళ్లీ పరీక్షించినప్పుడు, ఆలస్యంగా మాట్లాడిన వారిలో సుమారు 20 శాతం మంది భాషలో వెనుకబడి ఉన్నారు. సకాలంలో మాట్లాడిన వారిలో ఇది 11 శాతం. ఏ బిడ్డ దానంతట అదే అందుకుంటుందో రెండేళ్ల వయసులో కచ్చితంగా చెప్పడం కష్టం.

తెలుగు మానేయాలా?

అక్కర్లేదు. రెండు మూడు భాషల మధ్య పెరగడం వల్ల మాటలు ఆలస్యమవుతాయనడానికి ఆధారాలు లేవు. లెక్కించే పద్ధతిలోనే పొరపాటు జరుగుతుంటుంది. అలాంటి బిడ్డ తెలుగు మాటలను మాత్రమే లెక్కిస్తే తక్కువగా కనిపిస్తాయి. 'నీళ్లు', 'దూధ్', 'బాల్' అన్నీ కలిపి లెక్కించాలి. అలా కలిపినా మాటలు చాలా తక్కువగా ఉంటే కారణం భాషల సంఖ్య కాదు, మరోచోట వెతకాలి. పైగా తల్లిదండ్రులు తమకు బాగా వచ్చిన భాషను వదిలి తడుముకుంటూ మాట్లాడితే, బిడ్డకు అందే మాటలే తగ్గిపోతాయి.

ఉలిక్కిపడితే వినిపిస్తున్నట్టేనా?

'తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడు, వాడికి చెవుడేమిటి?' అని చాలామంది తల్లిదండ్రులు అంటారు. ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం అవసరం. మామూలు సంభాషణ తీవ్రత సుమారు 60 డెసిబెళ్లు ఉంటుంది. కానీ ఒకే మాటలోని ధ్వనులన్నింటికీ సమాన బలం ఉండదు. 'ఆ', 'ఓ' వంటి అచ్చులు తక్కువ పౌనఃపున్యాల్లో బలంగా వినిపిస్తాయి. 'స' వంటి హల్లులు బలహీనమైనవి. వాటి శక్తి ఎక్కువగా 4,000 హెర్ట్జ్, ఆపై పౌనఃపున్యాల్లో ఉంటుంది. ఆ పరిధిలో మాత్రమే లోపం ఉన్న బిడ్డ తలుపు చప్పుడుకు తిరిగి చూస్తాడు, పిలిస్తే పలుకుతాడు. కానీ అతని చెవికి మాటలు సగం చెరిగిపోయి అందుతాయి. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనుక ద్రవం చేరి, నొప్పి లేకుండానే వినికిడి తగ్గడం కూడా మామూలే.

దీన్ని తేల్చే పరీక్షలకు బిడ్డ సహకారం అక్కర్లేదు. లోపలి చెవిలోని రోమకణాలు శబ్దం అందినప్పుడు తామూ అతి సన్నని శబ్దాన్ని వెనక్కి పంపుతాయని లండన్‌లో డేవిడ్ కెంప్ 1978లో కనుగొన్నారు. ఆ ప్రతిస్పందనను చెవిలో ఉంచిన చిన్న మైక్రోఫోన్‌తో పట్టుకునేదే ఓఏఈ పరీక్ష. బెరా పరీక్షలో బిడ్డ నిద్రపోతుండగా తలపై ఎలక్ట్రోడ్లు అతికించి, శబ్దం మెదడు కాండం వరకు చేరుతోందా అని చూస్తారు. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో అంతా బాగున్నా కొన్ని లోపాలు తర్వాత రావచ్చు. అందుకే మాటలు ఆలస్యమైతే మళ్లీ పరీక్షించాలి.

తొందర ఎందుకంటే, మెదడు ఎల్లకాలం ఎదురుచూడదు. అమెరికాలో అను శర్మ బృందం పుట్టుచెవుడు ఉండి కాక్లియర్ ఇంప్లాంట్ పొందిన 104 మంది పిల్లలను పరిశీలించి, 2002లో ఫలితాలు ప్రచురించింది. మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ అమర్చిన వారి మెదడు శబ్దానికి ఆ వయసు పిల్లలందరిలాగే స్పందించింది. ఏడేళ్లు దాటాక అమర్చిన వారిలో ఆ స్పందన మామూలు స్థాయికి రాలేదు.

మన దేశంలో పరిస్థితి

ఢిల్లీ కేంద్రంగా పనిచేసే ఇన్‌క్లెన్ ట్రస్ట్ ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. దేశ రాజధాని ప్రాంతంలోని పల్వల్, మన హైదరాబాద్‌తో పాటు కాంగ్రా, ఢెంకనాల్, ఉత్తర గోవాలలో 3,964 మంది పిల్లలను పరీక్షించారు. రెండు నుంచి ఆరేళ్లలోపు వారిలో సుమారు 9.2 శాతం మందికి నాడీ వికాస సంబంధమైన లోపం ఏదో ఒకటి ఉందని అంచనా వేశారు. వినికిడి లోపం, ఆటిజం ఈ లెక్కలో ఉన్నాయి. లోపం ఉన్న పిల్లల్లో దాదాపు ఐదో వంతు మందికి ఒకటి కంటే ఎక్కువ సమస్యలున్నాయి. అంటే చెవి బాగుందని తేలినంత మాత్రాన వెతుకులాట ముగిసినట్టు కాదు. పేరు పెట్టి పిలిచినా చూడకపోవడం, వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం కనిపిస్తే వెంటనే పిల్లల వైద్యులను కలవాలి.

ఇక వస సంగతి. గలగలా మాట్లాడే పిల్లను 'వసపిట్ట' అనడం మనకు అలవాటే. కానీ వస మాటలు తెప్పిస్తుందనడానికి ఆధారం లేదు. పైగా అందులోని బీటా అసరోన్ జంతువుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేలడంతో అమెరికా 1968లోనే వసను ఆహారంలో నిషేధించింది.

టీవీ, ఫోన్ కూడా మాటలు నేర్పవు. ప్యాట్రీషియా కుహ్ల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో, ఎదురుగా కూర్చుని మాట్లాడిన మనిషి నుంచి అమెరికా పసిపిల్లలు చైనీస్ ధ్వనులను పట్టుకున్నారు. అవే మాటలను వీడియోలో చూసిన పిల్లలు ఏమీ నేర్చుకోలేదు. రెండేళ్లలోపు పిల్లలకు వీడియో కాల్ తప్ప స్క్రీన్ వద్దని భారతీయ పిల్లల వైద్యుల సంఘం సూచిస్తోంది.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను ఉచితంగా పరీక్షిస్తాయి. అవసరమైతే జిల్లా స్థాయి కేంద్రాలకు పంపుతాయి. వినికిడి, వాక్కు లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు నోయిడాలోనూ సికింద్రాబాద్‌లోనూ ప్రాంతీయ కేంద్రాలున్నాయి.

పరీక్షలో చెవి బాగుందని తేలితే ఆ కుటుంబానికి పోయేది ఒక పూట. లోపం ఉండి, 'చూద్దాంలే' అని ఆగితే పోయేది మళ్లీ రాని కాలం. ఈలోగా బిడ్డతో ఇంట్లో తెలుగులోనే ఎంత వీలైతే అంత మాట్లాడవచ్చు.