పలకల సీమలో పల్లెబడి

తెలుగునాట బడికి పోయిన పెద్దలలో పలకను ఎరుగనివారు అరుదు. మంచి దినము చూచి, బిడ్డను పీటమీద కూర్చుండబెట్టి, పళ్ళెములోని బియ్యములో వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించుట మన యిండ్లలో ఆచారము. ఆ మరునాడు బిడ్డ చేతికి పలకయు, బలపమును వచ్చెడివి. అంగడిలో ఉప్పు, పప్పు దొరకినట్లే పలకయు దొరకెడిది గనుక, అది ఎచ్చట పుట్టినదని అడిగినవారు తక్కువ. నల్లమల కొండలకు తూర్పున నున్న మార్కాపురము దాని పుట్టినిల్లు. దేశమునందలి ఎన్నియో బడులకు పలకలు పంపిన ఈ సీమలో, పలక చేసినవారి బిడ్డలకు చదువు ఎంతవరకు అందినదన్న ప్రశ్న ఉపాధ్యాయులును, విద్యార్థులును ఆలోచింపదగినది.

రాతిలో దాగిన పొరలు

మార్కాపురము లక్ష్మీచెన్నకేశవస్వామి ఆలయమువలన భక్తులకును, పలకలవలన వర్తకులకును పరిచితమైన పట్టణము. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ సంవత్సరమున ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడగా అందు చేరినవి. 1972లో ఆ జిల్లాకు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. పడమట నల్లమల అడవి, నడుమ గుండ్లకమ్మ, ఆ యేటికి అడ్డముగా విజయనగర ప్రభువుల కాలమున కట్టిన కంభము చెరువు. తక్కిన నేల చాలవరకు వానకై ఎదురుచూచు మెట్ట. అట్టి మెట్టసీమకు రాయియే ఒక పంట అయినది.

నూరు కోట్ల సంవత్సరములకు పైబడిన పూర్వకాలమున ఈ ప్రాంతము నీటి అడుగున నుండెడిది. అచ్చట పేరుకొన్న సన్నని బురద గట్టిపడి, పిమ్మట భూమిలోని ఒత్తిడికిని, వేడికిని లోనై పలకరాయిగా మారినది. ఒత్తిడివలన రాతిలోని కణములన్నియు ఒకే దిక్కునకు సర్దుకొనుటచే అది తాటాకులను దొంతిగా పేర్చినట్లు పొరలు పొరలుగా విడివడును. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ శిలలకు కంభము పేరే పెట్టి, నల్లమల శిలావర్గములో చేర్చిరి.

గనిలో త్రవ్వి తీసిన దిమ్మ అంచున ఉలి ఉంచి, సుత్తితో మెల్లగా తట్టినచో పలుచని రేకు ఊడివచ్చును. దెబ్బ ఎక్కువైనచో రాయి పగులును. తక్కువైనచో పొర విడదు. ఈ మెలకువ పుస్తకమున చదివి నేర్చునది కాదు. చేయి తిరిగినవాని ప్రక్కన కూర్చుండి నేర్చునది. ఆ రేకును కొలతకు కోసి, ఇరుప్రక్కల నున్నగా రాచి, చెక్కచట్రములో బిగించినచో అది బడిపిల్లవాని పలక యగును. గుంటూరునుండి గుంతకల్లునకు పోవు రైలుమార్గము మార్కాపురము రోడ్డు, కంభము, గిద్దలూరుల మీదుగానే సాగును. ఈ సీమ పలకలు దేశమున నలుమూలలకును, విదేశములకును పోయినవి.

ఇసుకనుండి పలకకు

పలక రాకముందు మన వీధిబడిలో ఇసుకయే పలక. 1823లో బళ్ళారి కలెక్టరుగా నుండిన ఎ. డి. క్యాంబెల్ తన జిల్లాలోని బడులనుగూర్చి మద్రాసు ప్రభుత్వమునకు ఒక నివేదిక పంపెను. ఈయన అంతకుముందే 1816లో తెలుగు వ్యాకరణమొకటి ఇంగ్లీషులో వ్రాసి ప్రకటించినవాడు. బిడ్డలు నేలమీది ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచు నేర్చుకొందురనియు, పెద్ద తరగతివారు చిన్నవారికి పాఠములు చెప్పుదురనియు ఆ నివేదికలో కలదు. ఉదయమున అందరికంటె ముందు బడికి వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసెడివారట. రెండవవాని చేతిలో సున్న చుట్టెడివారు. అది మెప్పును కాదు, తప్పును కాదు. మూడవవానికి బెత్తముతో ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు. ఈనాటి ఉపాధ్యాయులు ఆ బెత్తమును విడిచి, అరచేతిలో సరస్వతిని మాత్రము నిలుపుకొనిన చాలును.

ఇదే పద్ధతిని మద్రాసు ఎగ్మూరులోని అనాథాశ్రమమున అధ్యక్షుడుగా నుండిన ఆండ్రూ బెల్ చూచి, తన విద్యార్థులయందు అమలుపరచి, 1797లో లండనులో గ్రంథముగా ప్రకటించెను. అది మద్రాసు పద్ధతి యను పేర ఇంగ్లండులోని పేద పిల్లల బడులలో వ్యాపించినది. వీధిబడి ఇసుక సముద్రము దాటినదన్నమాట. ఇసుక స్థానమున రాతిపలక వచ్చిన పిమ్మటను, వ్రాయుట, చెరుపుట, మరల వ్రాయుట యను పద్ధతి మారలేదు.

క్యాంబెల్ లెక్కలలో ఈనాటి చిన్నబడుల వారికి ఆసక్తి కలిగించు విషయమొకటి కలదు. ఆ జిల్లాలో అప్పుడున్న 533 బడులలో 226 తెలుగు బడులు. చదువుకొనువారు మొత్తము 6,641 మంది. అనగా సగటున బడికి పన్నెండుగురు. పన్నెండుగురు పిల్లలు, ఒక గురువు, ఒక అరుగు — మన చదువు చిన్నబడిలోనే పెరిగినది.

ఒక గది, అయిదు తరగతులు

నేటి పల్లె ప్రాథమిక పాఠశాలయు దీనికి దూరము కాదు. తరగతులు అయిదు, ఉపాధ్యాయులు ఇద్దరు, పెక్కుచోట్ల ఒక్కరే. ఉదయము గంట కొట్టగనే ప్రార్థన, పిమ్మట హాజరు. హాజరు ఇప్పుడు ఫోనులోను వేయవలెను. ఒక మూల ఒకటవ తరగతివారు గుణింతము దిద్దుచుండగా, మరొక మూల అయిదవ తరగతివారు భాగహారము చేయుచుందురు. మూడవ తరగతివారికి ఎక్కము అప్పజెప్పించు నంతలో, రెండవ తరగతివాడొకడు ప్రక్కవాడు గిల్లినాడని ఫిర్యాదు తెచ్చును. మధ్యాహ్నమునకు వంట చేయు ఊరి స్త్రీలు అన్నము, పప్పు, గ్రుడ్డు సిద్ధపరతురు. 2001లో సర్వోన్నత న్యాయస్థానము ఇచ్చిన ఉత్తర్వును అనుసరించి 2003 జనవరినుండి మన రాష్ట్రమున ఈ వేడి భోజనము ఆరంభమైనది. పొలమునకు పోవు తల్లికి ఇది కొండంత అండ. ఊరిలో పెండ్లి యైనను, జాతర యైనను, ముందుగా తెలియునది బడి హాజరుపట్టీవలననే.

ఇట్టి బడిలో ఒకేసారి అయిదు తరగతులను నడుపు ఉపాధ్యాయునకు పలక కుడిభుజమువంటిది. ఒక తరగతికి లెక్క ఇచ్చి, మరొక తరగతికి పాఠము చెప్పి తిరిగి చూచునప్పటికి పలకలన్నియు పైకి లేచియుండును. లెక్క ఎవరికి వచ్చినదో, ఎవరు ప్రక్కవాని పలకలోనికి తొంగిచూచిరో ఒక్క చూపులో తెలియును. కాగితముమీది తప్పు ఎఱ్ఱ సిరాగీతతో నిలిచిపోవును. పలకమీది తప్పు తడిగుడ్డతో మాసిపోవును. కావున బిడ్డ వెరపు లేక మరల వ్రాయును. బొగ్గుపొడియు, దొండాకును కలిపి పలకను రుద్ది నల్లగా నిగనిగలాడించుకొనుట ఒక తరమువారి శనివారపు వేడుక.

పలక చేసిన చిన్నచేతులు

అక్షరమునకు ఇంత సేవ చేసిన పరిశ్రమలో ఒక చీకటికోణము కలదు. పలకల పనిలో బడియీడు పిల్లలు చాలమంది కూలికి కుదిరియుండిరి. భారత ప్రభుత్వము 1987లో జాతీయ బాలకార్మిక విధానమును ప్రకటించి, బాలకార్మికులు అధికముగా నున్న కొన్ని కేంద్రములను మొదటగా ఎన్నుకొనెను. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, మొరాదాబాదు ఇత్తడి, సూరతు వజ్రములు, మీర్జాపురము తివాచీలు — ఆ పట్టికలోనే మార్కాపురము పలకలును చేరినవి. మధ్యప్రదేశమున బలపములు చేయు మందసౌరును అందు కలదు. బలపములు కోయునప్పుడు లేచు రాతిధూళి ఊపిరితిత్తులలో చేరి, సిలికోసిస్ అను మందులేని వ్యాధిని కలిగించునని అచ్చట వైద్య పరిశోధకులు కనుగొనిరి.

పలక చేయు చేతికే పలక పట్టు భాగ్యము లేకపోవుటకంటె విపరీత మేమున్నది? అయితే తల్లిదండ్రులను నిందించి ఊరకుండుట న్యాయము కాదు. క్యాంబెల్ 1823లోనే దీని కారణమును గుర్తించెను. బీదతనమువలన జనులు బడిఖర్చు పెట్టుకొనజాలకున్నారనియు, లేత చేతులకు కొంచెము బలము రాగానే బిడ్డల కష్టము ఇంటికి అవసరమగుచున్నదనియు ఆయన వ్రాసెను. పూర్వము బడులున్న పెక్కు గ్రామములలో అవి మూతపడుటకు అదియే కారణమని ఆయన అభిప్రాయము. నూటయరువది సంవత్సరముల పిమ్మట మార్కాపురములో కనబడినదియు ఆ లేత చేతులే.

ఆ జాతీయ పథకము క్రింద పని మానిన పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు పెట్టిరి. అందు చదువుతోపాటు భోజనము, ఒక చేతిపని, కొంత భృతి ఏర్పాటు చేసిరి. ఆలస్యమైన చదువును అందుకొన్న పిదప వారిని మామూలు బడిలో చేర్చుట దాని ఉద్దేశము. 2010 ఏప్రిలు 1నుండి అమలైన విద్యాహక్కు చట్టము ఆరునుండి పదునాలుగేండ్ల వరకు గల ప్రతి బిడ్డకును చదువును హక్కుగా చేసినది. 2016లో సవరించిన చట్టము పదునాలుగేండ్ల లోపువారిని ఏ పనిలోను పెట్టరాదని శాసించినది. బడివేళలు దాటిన పిమ్మట సొంత ఇంటివారికి తోడ్పడుట వంటి కొలది మినహాయింపులు మాత్రము కలవు. 2021లో ఆ ప్రత్యేక పాఠశాలల పథకమును సమగ్ర శిక్షలో కలిపివేసిరి. చట్టము వలసినంత ఏర్పడినది. ఇక దానిని ఇంటింటికి మోయవలసినది ఊరిబడియే.

నేటి ప్రశ్న

కాలము మారినది. నోటుపుస్తకము చౌకయై, తేలికయైన ప్లాస్టిక్ పలక వచ్చి, రాతిపలకకు గిరాకి తగ్గినది. మార్కాపురపు రాయి నేడు ఇండ్ల నేలలకు, గోడలకు పరచు అలంకారపు బండగా దూరదేశములకు పోవుచున్నది. కాని పిల్లవానిని బడికి దూరము చేయు కారణము వేరొక రూపమున మిగిలియున్నది. మెట్టసీమలో వాన ముఖము చాటుచేసినచో పని ఉండదు. కుటుంబములు మిరపకోతలకు గుంటూరు వైపునకో, ఇండ్ల కట్టుబడి పనులకు హైదరాబాదు, బెంగుళూరు నగరములకో పోవును. తల్లిదండ్రుల వెంట బిడ్డయు పోవును. హాజరుపట్టీలో ఆ పేరునకెదురుగా నెలల తరబడి గైర్హాజరు పడును. తిరిగి వచ్చునప్పటికి తోటివారు పాఠములలో ముందుకు పోయియుందురు. సిగ్గుపడి వెనుక వరుసలో కూర్చున్న బిడ్డ కొంతకాలమునకు బడి మానును. వలసకాలమున బిడ్డను ఊరిలోనే నిలుపుటకు సీజనల్ హాస్టళ్ళు నడుపు ఏర్పాటు ప్రభుత్వ పథకములలో కలదు. దానిని సకాలమున అడిగి తెప్పించుకొనువారు కావలెను.

పిల్లల సంఖ్య తగ్గినకొలది చిన్నబడియొక్క ఉనికియే ప్రశ్న యగుచున్నది. 2022లో వచ్చిన 117వ ఉత్తర్వు ననుసరించి పెక్కుచోట్ల 3, 4, 5 తరగతులను దాపుననున్న ఉన్నత పాఠశాలలలో కలిపిరి. 2025లో ఆ ఉత్తర్వును రద్దుచేసి, బడులను మరల వేరు తీరున వర్గీకరించిరి. పదిమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు దండుగ యని ఒకరందురు. పెద్దబడిలో తరగతికొక ఉపాధ్యాయుడుండును గదా యని మరియొకరందురు. ఆ వాదమునందును కొంత సత్యము లేకపోలేదు. అయిదు తరగతులను ఒక్కరు మోయుట ఉపాధ్యాయునకును, పిల్లలకును కష్టమే. అందువలననే అరువదిమంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులుండవలెనని విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. ఒకటినుండి అయిదవ తరగతి వరకు బడి కిలోమీటరు నడకలో ఉండవలెనని ఆ చట్టపు నియమము. ఆరేండ్ల బిడ్డకు కిలోమీటరన్నది చిన్న దూరము కాదు. నడుమ వాగో, పెద్దరోడ్డో ఉన్నచో అది మరియు పెరుగును. అన్నిటికంటె ముందు ఆ దూరమునకు జంకునది ఆడపిల్లను బడికి పంపవలసిన తల్లి.

ఖర్చు లెక్క చూచువారు మరొక లెక్కయు చూడవలెను. పెద్దబడిలో ఒక బిడ్డ రాకున్నచో అది ఒక అంకె. పన్నెండుగురున్న బడిలో ఒకడు రాకున్నచో అది ఖాళీగా కనబడు ఒక చోటు. ఆ బిడ్డ తండ్రి ఎవరో, తల్లి ఏ పొలములో కూలికి పోవునో, పలకల మిల్లులో పనిచేసి దగ్గుచున్న తాత ఎవరో చిన్నబడి ఉపాధ్యాయునకు తెలియును. మిరపకోతలకు మూట కట్టుచున్న ఇంటికి ముందునాటి సాయంకాలమే పోయి, "అమ్మా, పిల్లను మాత్రము అవ్వ దగ్గర విడిచి పొండి, మధ్యాహ్నపు అన్నము మేము చూచుకొందుము" అని చెప్పగలవాడు ఆ ఉపాధ్యాయుడే. ఆ ఒక్కమాటతో నిలిచిన చదువులు ఏ నివేదికలోను లెక్కకు రావు.

పలకల సీమలో ఇప్పుడు పలకలు తక్కువగా తయారగుచున్నవన్న విచారము కొందరికి కలదు. వస్తువులు వచ్చుట, పోవుట సహజము. ఇసుక పోయి పలక వచ్చినది, పలక పోయి కాగితము వచ్చినది, కాగితము ప్రక్కన తెరయు వచ్చినది. బిడ్డ ఎదుట కూర్చుండి, అతని తప్పును తుడిచి, మరల వ్రాయుమను మనిషి మాత్రము పోరాదు. రాయిని పగులనీయక పొర విడదీసిన మార్కాపురపు పనివాని ఓర్పు వంటి ఓర్పు ఆ మనిషికి కావలెను. ఆ ఓర్పునకు తగిన బడి ఊరిలో నిలుచుట మిగిలినవారందరి బాధ్యత.