పిల్లికి దక్కిన జట్టు

వీలునామా మూలంగా ఇల్లు దక్కవచ్చును, పొలం దక్కవచ్చును. ఒక క్రీడాజట్టు, అందునా ఒక పిల్లికి దక్కితే ఎట్లా ఉంటుంది? 1951లో వెలువడిన ‘రూబార్బ్’ అనే హాలీవుడ్ హాస్యచిత్రానికి ఇదే ఇతివృత్తం. హెచ్. అలెన్ స్మిత్ 1946లో ప్రచురించిన నవల దీనికి మూలం; దర్శకుడు ఆర్థర్ లూబిన్.

బ్రూక్లిన్ నగరంలో ఒక బేస్‌బాల్ జట్టుకు యజమాని అయిన వృద్ధ కోటీశ్వరుడు, ఒక వీధిపిల్లి పోట్లాట స్వభావానికి ముచ్చటపడి దానిని చేరదీస్తాడు. ఆయన మరణానంతరం ఆస్తితోపాటు జట్టు కూడా ఆ పిల్లికే సంక్రమిస్తుంది. రే మిలండ్ ధరించిన ప్రచారాధికారి పాత్ర దానికి సంరక్షకుడు. పాపం, అతడు పెండ్లాడబోయే కన్యకు పిల్లి గాలి సోకితేనే తుమ్ములు! వృద్ధుని కుమార్తె ఆస్తికై న్యాయస్థానానికి ఎక్కుతుంది. లోకం నవ్విపోతుందని ఆటగాండ్రు తొలుత మొరాయిస్తారు. పిల్లిని తాకితే అదృష్టమని నమ్మిన పిదప వరుసగా గెలువసాగుతారు.

ఈ నవ్వులో చిన్న ములుకు ఉన్నది. పిల్లికి సంక్రమించినది యాజమాన్యం. ఆట మాత్రం ఆడేవారి చేతులలోనే ఉండిపోయింది.

విజయనగర వాసులకు ఇది బొత్తిగా పరాయి కథ కాదు. పూసపాటి రాజకుమారుడు ‘విజ్జీ’కి క్రికెట్టుపై అపారమైన మమకారం. 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మేటి ఆంగ్లక్రీడాకారులను రప్పించి తన సొంత జట్టులో ఆడించాడు. 1936లో భారతజట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్ళాడు. మూడు టెస్టులలో కలిపి ఆయన చేసిన పరుగులు 33. మెరికవంటి ఆటగాడు లాలా అమర్‌నాథ్ మొదటి టెస్టుకు ముందే స్వదేశానికి తిప్పి పంపబడ్డాడు. ఐశ్వర్యం నాయకత్వాన్ని తెచ్చిపెట్టింది గాని, పరుగులను తేలేకపోయింది.

ఈ సీమలోనే మరొక వారసత్వం కలదు. వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తినాయుడు విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసి, పిదప సర్కసులో తన బలంతో లోకాన్ని అబ్బురపరచాడు. శ్రీకాకుళంలోని క్రీడాప్రాంగణం ఆయన పేరు మోస్తున్నది. ఆ జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సులో రెండు విధాలా కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యపతకం గెలిచింది. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. ఆ బరువును ఏ వీలునామా ఎత్తిపెట్టలేదు.

ఆటను వారసత్వంగా ఇవ్వగలిగినవాడు దానిని నేర్పేవాడే. పాఠశాల మైదానంలో ఈల పట్టిన ఉపాధ్యాయుడు ప్రతి సాయంకాలం చేస్తున్న దానం అదే.

అన్నట్టు, రూబార్బ్‌లో మెచ్చదగిన గుణం ఒకటున్నది. జట్టు తనదే అయినా, అది నాయకత్వం మాత్రం అడుగలేదు.