గురి తప్పితే... తప్పు స్కోప్‌దేనా?

ఎయిర్ రైఫిల్ పెల్లెట్ పక్కన పడగానే చాలామంది చేసే మొదటి పని స్కోప్ నాబ్ తిప్పడం. మళ్లీ పక్కన పడితే ఇంకాస్త తిప్పడం. సాయంత్రానికల్లా 'ఈ స్కోప్ వేస్ట్, కొత్తది కొనాలి' అని తేల్చేస్తారు. ఆ డబ్బు ఎక్కువసార్లు నాన్న జేబులోంచే వస్తుంది కాబట్టి, కొనేముందు కాస్త ఆగమంటాను.

రేంజ్‌లో నేను పాటించే పద్ధతి ఇదీ. రైఫిల్‌ని మెత్తటి సంచి మీద ఆనించి, 10 మీటర్ల నుంచి ఒకే చుక్కకి గురిపెట్టి 5 పెల్లెట్లు కాలుస్తాను. అయిదూ అయ్యేదాకా నాబ్ ముట్టుకోను.

రంధ్రాలన్నీ గుంపుగా ఒకేచోట ఉండి, మధ్యకి దూరంగా ఉన్నాయా? అయితే హ్యాపీ! స్కోప్ సెట్టింగ్ మారిస్తే చాలు. పావు ఎంఓఏ స్కోప్‌లో ఒక్క క్లిక్‌కి 10 మీటర్ల దగ్గర జరిగేది సుమారు 0.7 మిల్లీమీటర్లే. 2 సెంటీమీటర్లు జరపాలంటే దాదాపు 28 క్లిక్‌లు కావాలి. నాలుగు క్లిక్‌లకే 'పనిచేయట్లేదు' అనుకోవద్దు.

రంధ్రాలు చెల్లాచెదురుగా ఉంటే మాత్రం నాబ్ జోలికి వెళ్లొద్దు. రైఫిల్‌లో పెల్లెట్ లేదని చూసుకుని, వరసగా ఇవి చెక్ చేయండి.

* స్క్రూలు: స్ప్రింగ్ రైఫిల్ కాల్చినప్పుడు వెనక్కీ, వెంటనే ముందుకీ కుదుపుతుంది. దాంతో మౌంట్ జారుతుంది. మౌంట్ పక్కన పెన్సిల్ గీత పెట్టండి, జారితే తెలిసిపోతుంది.
* పెల్లెట్లు: అంచు నొక్కుకుపోయినవి పక్కన పడేయండి. ఒకే రకం వాడండి.
* పట్టు: స్ప్రింగ్ రైఫిల్‌ని బిగించి పట్టుకోవద్దు. అరచేతి మీద తేలిగ్గా ఆననివ్వండి.
* పారలాక్స్: కన్ను కదిపితే క్రాస్‌హెయిర్ కూడా టార్గెట్ మీద కదులుతోందా? దూరం సరిచేసే రింగ్ ఉంటే 10 మీటర్లకు తిప్పండి. లేకపోతే చెంప ప్రతిసారీ ఒకేచోట ఆనించండి.

అప్పటికీ తేలకపోతే స్కోప్ తీసేసి ఓపెన్ సైట్‌తో కాల్చండి. మా రేంజ్‌కి వచ్చే ఓ ఇంటర్ కుర్రాడు "అన్నా, స్కోప్ పోయింది, కొత్తది ఆర్డర్ పెట్టేస్తా" అన్నాడు. "ఆగు తమ్ముడూ, ముందు తీసేసి చూడు" అన్నా. తీశాక కూడా చెల్లాచెదురే! చూస్తే స్టాక్ స్క్రూలు వదులు. బిగించాక గుంపు కుదిరింది, స్కోప్ డబ్బులు మిగిలాయి.

10 మీటర్ల ఒలింపిక్ పోటీలో స్కోప్ ఉండదు, పీప్ సైటే. 2008 బీజింగ్ ఫైనల్‌కి ముందు అభినవ్ బింద్రా సైట్ గాడి తప్పింది. ప్రాక్టీస్ షాట్ ఎక్కడో పడింది. ఆయన సైట్ సరిచేసుకుని, ఫైనల్లో మొదటి షాట్ 10.7, చివరిది 10.8 కొట్టి స్వర్ణం గెలిచారు. తన పట్టు మీద నమ్మకం ఉన్నవాళ్లకే సైట్ తప్పు వెంటనే కనిపెట్టడం వీలవుతుంది. అందుకే ముందు గుంపు కుదరాలి, ఆ తర్వాతే నాబ్.