పద్దులకు ఒక్క పూటలో ఓటు.. లెక్క తేలేది అయిదేళ్లకు

బడ్జెట్ వచ్చిందంటే రచ్చబండ దగ్గర వినిపించే ప్రశ్నలు ఏటా ఒకటే. ఎరువు బస్తా ధర పెరిగిందా? డీజిలు సంగతేమిటి? బీడీ కట్ట, అగ్గిపెట్టె ఏమైనా ప్రియమయ్యాయా? ఈ చివరి ప్రశ్నకు ఇప్పుడు బడ్జెట్‌లో జవాబు వెతకడమూ దండగే. 2017 జులైలో జి.ఎస్.టి. వచ్చాక చాలా సరుకుల పన్ను రేట్లు వేరే మండలిలో తేలుతున్నాయి. అయినా ఆర్థిక మంత్రి ప్రసంగం నాడు టీవీ ముందు జనం చేరతారు. మర్నాటి పేపరులో రూపాయి రాక, రూపాయి పోక బొమ్మ చూస్తారు. అంతటితో బడ్జెట్ అయిపోయిందనుకుంటారు.

నిజానికి ఆ రోజున ఒక్క పైసా కూడా మంజూరు కాదు. మంత్రి చదివేది 'ఇంత కావాలి' అని అడిగే పట్టీ మాత్రమే. ఇవ్వాలా, వద్దా అని తేల్చవలసింది లోక్‌సభ. సహకార సంఘం మహాజన సభలో ఖర్చుల జాబితా చదివి సభ్యుల ఒప్పుదల అడగడం రైతులందరూ చూసిందే. ఢిల్లీలో జరిగేదీ ఆ మాదిరి పనే. కాకపోతే అక్కడ లెక్క లక్షల కోట్లలో ఉంటుంది.

ప్రభుత్వం వసూలు చేసే పన్నులు, తెచ్చే అప్పులు 'సంచిత నిధి' అనే ఒకే ఖజానాలో పడతాయి. సభ చట్టం చేసి ఇస్తే తప్ప అందులోంచి రూపాయి తీయడానికి ప్రధాన మంత్రికి కూడా వీల్లేదు. రాజ్యాంగం 114వ అధికరణం పెట్టిన కట్టు ఇది. ఆ కట్టు విప్పడానికే మార్చి నెలంతా తతంగం నడుస్తుంది.

ముందు బడ్జెట్ మీద సాధారణ చర్చ జరుగుతుంది. అప్పుడు ఓటింగు ఉండదు. తర్వాత సభకు కొన్ని వారాలు విరామం. ఆ విరామంలో శాఖలవారీ స్థాయీ సంఘాలు కూర్చుంటాయి. 1993లో 17 సంఘాలతో మొదలైన ఈ పద్ధతి 2004లో 24 సంఘాలకు పెరిగింది. ఒక్కో సంఘంలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉంటారు. ఆయా శాఖల కార్యదర్శులను పిలిపించి, నిరుడు ఇచ్చింది ఏం చేశారు, ఈ ఏడు ఎందుకు ఎక్కువ అడుగుతున్నారు అని గుచ్చి గుచ్చి అడుగుతారు. అక్కడ టీవీ కెమెరాలుండవు కనుక కేకలూ తక్కువే, పని ఎక్కువ. అయితే పద్దు కోసే అధికారం వీరికి లేదు. సిఫారసు చేసి ఊరుకోవలసిందే.

ఆ తర్వాతే శాఖల పద్దులు ఓటుకు వస్తాయి. వీటినే డిమాండ్లు అంటారు. అన్నీ కలిపి వంద దాకా ఉంటాయి. రాష్ట్రపతి జీతం, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల జీతాలు, ప్రభుత్వ అప్పుల మీద వడ్డీ వంటివి మాత్రం ఓటుకు రావు. వాటి మీద మాట్లాడవచ్చు గాని కాదనడానికి లేదు. రాజ్యసభకు డిమాండ్ల మీద ఓటే లేదు. డిమాండ్లు గట్టెక్కాక వచ్చే ద్రవ్య వినిమయ బిల్లును అది 14 రోజుల్లో తిప్పి పంపాలి. ఆ బిల్లుకు రాష్ట్రపతి సంతకం పడితేనే ఖజానా తాళం తీసినట్లు.

రూపాయికి తగ్గించమనే తీర్మానం

పద్దు నచ్చకపోతే ప్రతిపక్షం ఏం చేయాలి? అందుకు కోత తీర్మానాలున్నాయి. ప్రభుత్వ విధానమే తప్పు అనుకుంటే, ఆ పద్దును ఒక్క రూపాయికి తగ్గించాలని తీర్మానం పెడతారు. దుబారా జరుగుతోందనుకుంటే ఫలానా మొత్తం కోయమంటారు. ఇక మూడోది వంద రూపాయల కోత. వేల కోట్ల పద్దులో వంద తగ్గితే ఎవరికి లాభమని నవ్వుకోనక్కరలేదు. ఏదో ఒక బాధను సభ చెవిన వేయడానికి అదొక దారి.

కోత తీర్మానం నెగ్గితే, సభకు సర్కారు మీద నమ్మకం పోయినట్లే. అందుకే పార్టీలు విప్ జారీ చేసి సభ్యులందరినీ రప్పిస్తాయి. 2010 ఏప్రిల్ 27న పెట్రోలు, డీజిలు, ఎరువుల ధరల పెంపు మీద ప్రతిపక్షాలు ఇలాంటి తీర్మానం తెచ్చాయి. అనుకూలంగా 201, వ్యతిరేకంగా 289 ఓట్లు పడి అది వీగిపోయింది. ధరలు తగ్గలేదు. కానీ ఎరువు ధర పెంపును ఎవరు సమర్థించారు, ఎవరు కాదన్నారు, ఎవరు ఓటు వేయకుండా బయటికి నడిచారు అన్నది మాత్రం పద్దు పుస్తకంలో ఎక్కినట్లు సభ రికార్డులో నిలిచిపోయింది.

గంట కొడితే చర్చ బంద్

అన్ని పద్దుల మీదా చర్చ జరుగుతుందా అంటే, జరగదు. సభా వ్యవహారాల సలహా సంఘం కొన్ని శాఖలనే చర్చకు ఎంపిక చేస్తుంది. ఇటీవలి ఏళ్లలో అవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. కేటాయించిన చివరి రోజున చెప్పిన వేళ కాగానే, మిగిలిన డిమాండ్లన్నిటినీ స్పీకరు ఒక్కసారిగా ఓటుకు పెట్టేస్తారు. దీని పేరు గిలెటిన్. ఫ్రాన్సు దేశంలో తలలు నరికిన యంత్రం పేరు అది. ఇక్కడ తెగేది చర్చ. 'అవును' అనేవారు అవునంటారు, 'కాదు' అనేవారు కాదంటారు, పద్దులు పాసవుతాయి.

గొడవల మధ్య సభ సాగని ఏడు మరీ అన్యాయం. 2013, 2018, 2023 సంవత్సరాల్లో ఒక్క శాఖ డిమాండు మీద కూడా లోక్‌సభలో చర్చ జరగలేదు. అన్నీ గిలెటిన్‌కే పోయాయి. 2023-24 బడ్జెట్ మొత్తం రూ.45 లక్షల కోట్ల పైమాటే. వ్యవసాయం, ఎరువులు, గ్రామీణాభివృద్ధి అన్నీ ఆ మూటలోనే ఉన్నాయి. తప్పు అరిచినవారిదా, అరవనిచ్చినవారిదా అని ఇరుపక్షాలు ఒకరి మీద ఒకరు చెప్పుకున్నాయి. మాట్లాడమని ఓటేసి పంపిన రైతు ఊసు మాత్రం ఆ ఏడు ఎత్తకుండానే పోయింది.

మాఫీ డబ్బు ఎటు పోయింది?

ఓటు వేసి ఇచ్చిన డబ్బు చేరవలసిన చోటికి చేరిందా అన్నది మరో లెక్క. ఇది తేల్చేది కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అందరూ 'కాగ్' అనేది ఆ అధికారినే. పల్లెలవారు బాగా ఎరిగిన సంగతి ఒకటి చూస్తే దీని పని తీరు తెలుస్తుంది.

2008 ఫిబ్రవరి 29న నాటి ఆర్థిక మంత్రి చిదంబరం బడ్జెట్ ప్రసంగంలో రైతుల బ్యాంకు రుణాల మాఫీ ప్రకటించారు. అప్పుడు చెప్పిన అంచనా రూ.60 వేల కోట్లు. తర్వాత అది రూ.71 వేల కోట్లు దాటింది. 2007 మార్చి 31 లోపు తీసుకుని, ఆ డిసెంబరు 31 నాటికి గడువు మీరి, బడ్జెట్ రోజుకు కూడా కట్టని పంట అప్పులకు ఇది వర్తించింది. అయిదెకరాల దాకా ఉన్నవారికి పూర్తి మాఫీ. అంతకు మించి ఉన్నవారు ముప్పాతిక వంతు కడితే పావు వంతు రాయితీ. జాబితాలు బ్యాంకులే తయారు చేశాయి. 3.69 కోట్ల సన్న, చిన్నకారు రైతులకు, 60 లక్షల మంది ఇతర రైతులకు కలిపి సుమారు రూ.52,500 కోట్లు మాఫీ అయినట్లు లెక్క తేలింది.

కాగ్ మనుషులు 25 రాష్ట్రాల్లో, 92 జిల్లాల్లో, 715 బ్యాంకు శాఖలకు వెళ్లి ఖాతాలు తిరగేశారు. ఆ నివేదిక 2013 మార్చి 5న పార్లమెంటు ముందుకు వచ్చింది. పరీక్షించిన 90,576 ఖాతాలు చూస్తే 20,206 ఖాతాల్లో లోపాలు బయటపడ్డాయి. అనర్హులకు మాఫీ అయింది, అర్హులకు రావలసిన దానికన్నా తక్కువ వచ్చింది, కొన్నిచోట్ల రికార్డులు దిద్దారు. మాఫీ రానివారి ఖాతాలు తొమ్మిది రాష్ట్రాల్లో 9,334 పరీక్షిస్తే, 1,257 మంది నికరంగా అర్హులే. వారి పేర్లు జాబితాకే ఎక్కలేదు. ఒక ప్రైవేటు బ్యాంకు, రైతులకు కాక సూక్ష్మ రుణ సంస్థకు ఇచ్చిన అప్పును చూపి రూ.164.60 కోట్లు రాబట్టుకుంది.

నూటికి ఇరవై రెండు అన్నది పరీక్షించిన ఖాతాల లెక్క. మాఫీ మొత్తానికి దాన్ని అంటగట్టరాదు. అయినా చిన్న సంగతి కాదు. అన్నిటికన్నా రైతుకు తగిలిన దెబ్బ వేరే ఉంది. మాఫీ అయినట్లు బ్యాంకు ధ్రువపత్రం ఇవ్వాలి. అది చేతిలో ఉంటే కొత్త అప్పు అడగవచ్చు. చూసిన 61,793 ఖాతాల్లో 21,182 ఖాతాలకు ఆ పత్రం రైతుకు అందినట్లు సంతకం గాని, మరో ఆధారం గాని లేదు. పాత అప్పు పోయిందో లేదో చేతిలో కాగితమే లేకపోతే, మరుసటి ఏడు విత్తనాల డబ్బుకు రైతు ఎవరి గడప తొక్కాలి?

అనర్హుల నుంచి సొమ్ము రాబట్టాలని బ్యాంకులకు ఆదేశాలు వెళ్లాయి. ప్రకటనకు, ఈ లెక్కకు మధ్య అయిదేళ్లు గడిచాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లేనని కొందరు ఈసడించారు గాని, ఆ ఆకులు పట్టే పద్ధతైనా లేకపోతే ఇంతమాత్రం కూడా బయటికి వచ్చేది కాదు.

కాగ్ నివేదికలను పరిశీలించేది పార్లమెంటు ప్రజా పద్దుల సంఘం. ఇందులో 22 మంది ఉంటారు. మంత్రులకు చోటు లేదు. 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడు. శిక్షించే అధికారం దీనికి లేదు. అధికారులను పిలిపించి సంజాయిషీ అడుగుతుంది. చెప్పిన సిఫారసుల మీద ఏ చర్య తీసుకున్నదీ ప్రభుత్వం తిరిగి జవాబివ్వాలి. ఇచ్చిన దానికన్నా ఎక్కువ ఖర్చు పెట్టిన శాఖల సంగతీ ఇదే చూస్తుంది. ఆ అధిక ఖర్చుకు మళ్లీ సభ ఓటు కావాలి. రాష్ట్ర శాసనసభల్లోనూ వరస ఇదే. పద్దులు, కోత తీర్మానాలు, ద్రవ్య వినిమయ బిల్లు, కాగ్ నివేదిక, పద్దుల సంఘం అన్నీ అక్కడా ఉన్నాయి.

తమ ఎంపీ ఏ స్థాయీ సంఘంలో ఉన్నారో చాలామంది ఓటర్లకు తెలియదు. సభ్యుల జాబితాలు, సంఘాల నివేదికలు లోక్‌సభ వెబ్‌సైటులో ఉంటాయి. సెల్‌ఫోను ఉన్న కుర్రవాడెవరైనా చూసి చెప్పగలడు. యూరియా కొరత ఉంటే ఎరువుల సంఘం, రోడ్డు, ఇల్లు అయితే గ్రామీణాభివృద్ధి సంఘం, పంట రుణమైతే ఆర్థిక శాఖ సంఘం. పద్దుల మీద వీరు కూర్చునేది బడ్జెట్ ప్రసంగం అయ్యాక, ఓటింగుకు ముందు. ఊరి బాధ ఎంపీ చెవిన వేయదలచిన వారికి ఆ కొద్ది వారాలే అదను.