మరమ్మతునకు వచ్చిన విదేశీ వస్తువు - సుంకపు నియమములు

గత మాసమున మేము జగిత్యాల జిల్లాలోని యొక గ్రామమునకు ప్రచార కార్యక్రమముపై వెళ్ళియుంటిమి. సభ ముగిసి జనులు లేచిపోవుచుండగా ఇరువదియైదేండ్ల యువకు డొకడు మా యొద్దకు వచ్చెను. అతడు హైదరాబాదులోని జగదీశ్ మార్కెట్టులో నాలుగేండ్లు సెల్‌ఫోనుల మరమ్మతు నేర్చి, స్వగ్రామమునకు తిరిగివచ్చి చిన్న దుకాణము పెట్టుకొన్నవాడు. అతని బావ దుబాయిలో ఫోనుల దుకాణమున పనిచేయుచున్నాడు. అచ్చటి యజమాని యొద్ద చెడిపోయిన ఫోనులు నలువది వరకు పేరుకొని యున్నవట. అచ్చట కూలి యెక్కువ. వానిని ఇచ్చటికి పంపినచో బాగుచేసి తిరిగి పంపవచ్చును గదా యని బావమరదు లిరువురును ఆలోచించిరి. "సార్, పన్ను కట్టాల్నా? కడితే నాకు కూలి మిగుల్తదా?" అని అతడు మమ్మడిగెను.

మే మప్పుడు సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. పట్టణమునకు తిరిగివచ్చిన పిదప నియమములను చదివి, తెలిసినవారితో సంప్రదించి, ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి ప్రాంతములలో గల్ఫు దేశములందు బంధువులు లేని గ్రామము అరుదు. ఈ ప్రశ్న రేపు మరియొక గ్రామమున మరియొకరికి కలుగక మానదు.

మొదట లెక్క చూతము. ఒక్కొక్క ఫోను విలువ 20,000 రూపాయలని అధికారులు కట్టిరనుకొందము. ఫోనులపై మూల సుంకము 2024 జూలై బడ్జెట్టులో 20 శాతము నుండి 15 శాతమునకు తగ్గింపబడినది. ఆ లెక్కన 3,000 రూపాయలు. రెండును కలిపిన 23,000 రూపాయలపై 18 శాతము చొప్పున జి.ఎస్.టి. మరి 4,140 రూపాయలు. ఇతర రుసుములను విడిచినను మొత్తము 7,140 రూపాయ లగుచున్నది. మన యువకుడు ఫోను బాగుచేసినందులకు అడుగు కూలి 1,500 రూపాయలు! సుంకపు మినహాయింపు లేనిచో ఈ వృత్తికి విదేశీ పని యన్న మాటయే లేదు. కావున ఆ మినహాయింపు ఎవరికి, ఏ షరతులపై లభించునో తెలిసికొనుట అవసరము.

నాగటి కర్రు మొద్దుబారినపుడు రైతు దానిని పొరుగూరి కమ్మరి కొలిమికి పంపును. కమ్మరి దానిని సాగగొట్టి తిరిగి యిచ్చును. ఆ కర్రు పొరుగూరి సంతలో అమ్మబడలేదు, ఆ ఊరివారి సొత్తు కాలేదు. అచ్చట ఖర్చైనది కమ్మరి చెమటయు, కొలిమి బొగ్గులును మాత్రమే. సుంక మనునది దేశములోనికి వచ్చి ఇచ్చటి వాడుకలో కలిసిపోవు సరకును ఉద్దేశించినది. బాగుచేయించుకొని వచ్చిన దారినే పోవు సరకు అట్టిది కాదు. అయితే అది నిజముగా తిరిగి పోవునని ప్రభుత్వమునకు నమ్మకము కలుగవలెను. నియమము లన్నియు ఆ నమ్మకము చుట్టును అల్లుకొన్నవే.

విదేశములలో తయారైన వస్తువును మరమ్మతు కొరకు తెచ్చి తిరిగి పంపుటకు సుంకము లేకుండ అనుమతించు పద్ధతి 1994 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటనతో స్థిరపడినది. దిగుమతిదారు సరకు వచ్చిన సమయముననే, అనగా విడిపించుకొనుటకు పూర్వమే, ఇది మరమ్మతు కొరకు వచ్చినది, తిరిగి పంపబడును అని వ్రాతమూలకముగా ప్రకటింపవలెను. తిరిగి పంపనిచో సుంకము చెల్లింతునని బాండు అనబడు పూచీపత్రమును వ్రాసి యీయవలెను. విడిపించుకొన్న తరువాత "అయ్యా, ఇది మరమ్మతు సరకు" అని చెప్పినచో ఆ మాటకు విలువ యుండదు. పొరపాటున సుంకము చెల్లించి విడిపించుకొన్నవారికి వేరొక మార్గము కలదు. 1962 నాటి కస్టమ్స్ చట్టములోని 74వ సెక్షను ననుసరించి, వస్తువును సామాన్యముగా రెండేండ్లలోపల తిరిగి ఎగుమతి చేసినచో, కట్టిన సుంకములో 98 శాతము వరకు తిరిగి పొందవచ్చును. ఈలోగా వస్తువు వాడుకలోనికి వచ్చియున్నచో ఆ పాలు తగ్గును. ఏమైనను ముందుగా చేతి సొమ్ము కట్టి తరువాత దానికై తిరుగుట బీదవానికి తగిన పద్ధతి కాదు.

మన దేశముననే తయారై విదేశములకు పోయిన వస్తువు చెడిపోయి తిరిగి వచ్చుట మరియొక విధము. తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో ఫోనులు తయారగుచున్న సంగతి పాఠకు లెరిగినదే. అట్టి స్వదేశీ వస్తువులకు 1995 నాటి ప్రకటన వర్తించుచు వచ్చినది. ఎగుమతియైన మూడేండ్లలోపల అది తిరిగి రావలెను. నేపాలునకు పోయిన సరకైనచో పదేండ్ల గడువు. బాగుచేసి మరల ఆరు మాసములలో పంపివేయవలెను. మన వస్తువునే విదేశమునకు పంపి బాగుచేయించి తెప్పించుకొనునపుడు, 2017 నాటి నియమము ప్రకారము, వస్తువు పూర్తి విలువపై గాక మరమ్మతు ఖర్చు, రానుపోను కిరాయి, భీమా - వీనిపై మాత్రమే సుంకము పడును. ఇట్టి ప్రకటనలు తరచుగా సవరింపబడుచు, ఒకదానిలో నొకటి కలుపబడుచు నుండును గనుక, సరకు కదలుటకు ముందు కస్టమ్స్ కార్యాలయమున నాటి స్థితిని అడిగి తెలిసికొనుట మేలు.

ఇక అసలైన చిక్కు వస్తువు గుర్తింపులో నున్నది. వచ్చినదియు పోవునదియు ఒక్కటే యని అధికారి యెట్లు నమ్మును? గేదెను సంతకు తోలునపుడు కొమ్ము వాలు, నుదుటి చుక్క చూచి గుర్తుపట్టుదుము. ఫోనునకు ఐ.ఎమ్.ఇ.ఐ. అను పదునైదంకెల సంఖ్య గలదు. ఫోనులో స్టార్, హాష్, సున్న, ఆరు, హాష్ నొక్కినచో అది కనబడును. టెలివిజనులకు, కంప్యూటర్లకు వెనుకవైపున సీరియల్ సంఖ్య యుండును. నలువది ఫోనులు వచ్చినచో నలువది సంఖ్యలును దిగుమతి పత్రమైన బిల్ ఆఫ్ ఎంట్రీతో జతపడవలెను. అవే సంఖ్యలు తిరిగి పోవునపుడు షిప్పింగ్ బిల్లులో కనబడవలెను. ఒక్క అంకె తారుమారైనను ఆ ఫోను తిరిగి పోనట్లే లెక్క. దాని సుంకము బాండు వ్రాసినవాని మెడకు చుట్టుకొనును.

మరమ్మతుదారు లందరును ఎరిగిన సంగతి యొకటి యిచ్చట అడ్డువచ్చును. ఫోను మదర్‌బోర్డు పూర్తిగా కాలిపోయినపుడు దానిని మార్చివేయుదురు. బోర్డు మారినచో సంఖ్యయు మారును. అది న్యాయమైన మరమ్మతే కావచ్చును, కాని కాగితముపై అది వేరొక ఫోను. అట్టిదానిని చేయుటకు ముందే అధికారులకు తెలిపి, పాత బోర్డును పారవేయక దాచి, రెండు సంఖ్యలను పత్రములలో చూపవలెను. కొందరు పాత సంఖ్యనే క్రొత్త బోర్డున ఎక్కించు నేర్పు చూపుదురు. అది నేర్పు కాదు, నేరము. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము ప్రకారము ఈ సంఖ్యను మార్చినవారికి మూడేండ్ల వరకు జైలుశిక్షయు, ఏబది లక్షల రూపాయల వరకు జుల్మానాయు విధింపవచ్చును. ఈ మాట చెప్పినపుడు మన యువకుని ముఖము వెలవెలబోయినది. బజారులో అట్టి పని సర్వసాధారణమని అతడు తలచుచున్నాడు.

గడువు విషయమున ఎక్కువ చెప్పవలసినది లేదు. విదేశీ సరకునకును సామాన్యముగా ఆరు మాసములే. తగిన కారణము చూపినచో అధికారులు మరి ఆరు మాసములు పొడిగింపవచ్చును, కాని అర్జీ గడువు తీరకమునుపే చేరవలెను. విమానములు, ఓడల సామగ్రికి 2024లోను, రైల్వే సామగ్రికి 2025లోను ఈ గడువు ఏడాదికి పెంచబడినది. పెద్ద యంత్రములను విప్పి బిగించుటకు కాలము పట్టును గనుక అది సబబే. ఫోనులకు ఆ సడలింపు వర్తింపదు. విడిభాగము దొరకలేదని ఊరకుండినవాడు నష్టపోవును.

పాత ఎలక్ట్రానిక్ సామగ్రి రాకను పర్యావరణ శాఖయు కనిపెట్టియుండును. మరమ్మతు పేరిట చెత్త సరకు ఓడల కొలది బీద దేశములకు చేరిన చరిత్ర లోకమునకు తెలిసినదే. దానిని అరికట్టుటకే 1989లో బాసెల్ ఒడంబడిక కుదిరినది. 2025 జనవరి 1 నుండి ఎలక్ట్రానిక్ వ్యర్థము అంతయు, అపాయకర మైనదైనను కానిదైనను, గ్రహీత దేశపు ముందస్తు సమ్మతి లేక సరిహద్దు దాటరాదని ఆ ఒడంబడిక సవరింపబడినది. మన దేశపు 2016 నాటి అపాయకర వ్యర్థముల నియమములు మరమ్మతునకు వచ్చు పాత సామగ్రిని ఏడాదిలోపల తిరిగి పంపవలెనను షరతుపై అనుమతించుచున్నవి. కావున పెట్టెలో వచ్చునది బాగుపడదగిన వస్తువై యుండవలెను. పగిలి పొడియైన వానిని కలిపి పంపినచో మొత్తము పెట్టెయే నిలిచిపోవచ్చును. మరియొక జాగ్రత్త. ఉబ్బినట్టి, దెబ్బతిన్నట్టి లిథియం బ్యాటరీని విమానమున పంపుట నిషిద్ధము. ఆకాశమున అది అంటుకొన్నచో ఆర్పుట మిక్కిలి కష్టము. అట్టి ఫోనులను అచ్చటనే వేరుచేయుమని బావకు ముందుగానే చెప్పవలెను.

ఇవన్నియు విని, ఇంతకును గ్రామములోని యువకునికి ఇది సాధ్యమా యని పాఠకు లడుగవచ్చును. వ్యాపారమునకై సరకు తెప్పించువానికి విదేశ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ వారి కోడ్ సంఖ్య వలయును. దానికి రుసుము 500 రూపాయలే, కంప్యూటరు ద్వారా అర్జీ పెట్టవచ్చును. ఇది కష్టము కాదు. కాని బాండు, ఏజంటు ఖర్చు, విమానపు కిరాయి, శంషాబాదునకు తిరుగుట - ఇవి నలువది ఫోనులకైనను నాలుగువేల ఫోనులకైనను ఇంచుమించు ఒకే శ్రమ. ఈ నియమములు పెద్ద సంస్థలకు ఒదిగినంత సులువుగా చిన్నవారికి ఒదుగవని మే మొప్పుకొనక తప్పదు. 2023 మే 31న కేంద్రప్రభుత్వము విదేశీ ఎలక్ట్రానిక్ వస్తువుల మరమ్మతు పనిని దేశమునకు రప్పించుటకు బెంగుళూరులో మూడు మాసముల ప్రయోగమును ఆరంభించినపుడును అందు పాల్గొన్నవి అయిదు కంపెనీలు. పది మంది పనివారు కలిసి ఒక సంఘముగా ఏర్పడినచో, ఒకే కోడ్ సంఖ్యపై, ఒకే ఏజంటు ద్వారా పని నడుపవచ్చునని మాకు తోచుచున్నది.

"అయితే మా బావ సంచిలో పెట్టుకొని తెస్తడు" అని పక్కనున్న మరియొకడు అందుకొనెను. ఇది మిక్కిలి ప్రమాదకరమైన ఆలోచన. ప్రయాణికుడు తన వాడుకకు తెచ్చుకొను వస్తువులకే సామాను రాయితీ వర్తించును. నలువది ఫోనులు సంచిలో నున్నచో అది సామాను కాదు, వ్యాపారపు సరకు. జప్తు కావచ్చును. అయితే తన సొంత ల్యాప్‌టాప్ వంటి విలువైన వస్తువును గల్ఫునకు తీసికొనిపోవువారు బయలుదేరునపుడే విమానాశ్రయపు కస్టమ్స్ అధికారి యొద్ద దాని సంఖ్యతో ఎగుమతి ధ్రువపత్రము పొందవచ్చును. తిరిగివచ్చునపుడు ఇది క్రొత్తగా కొన్నదా, పాతదా యను వాదము తలెత్తదు. ఈ సౌకర్యమును మన ప్రాంతపువారు తగినంతగా వాడుకొనుట లేదు.

ఈ విషయము లన్నియు వ్రాసికొని మేము రెండవమారు ఆ గ్రామమునకు వెళ్ళితిమి. యువకుడు పని మాని కూర్చుండి వినెను. ఆరు మాసములు ఏ దినము నుండి లెక్కింతురని అడిగెను. దిగుమతియైన దినము నుండి యని చెప్పితిమి. అతడు వెంటనే ఫోను తీసి బావతో మాటలాడెను. ఫోనులు ఇప్పుడే పంపవద్దనియు, ఒక్కొక్కదాని సంఖ్య, కంపెనీ పేరు, లోపము, అచ్చట కొన్న రసీదు - వీనితో పట్టిక యొకటి ముందుగా పంపుమనియు చెప్పెను. బ్యాటరీ ఉబ్బినవి తొమ్మిది యున్నవని అవతలి నుండి వినవచ్చినది. వానిని పట్టికలో చేర్చవద్దని చెప్పి, అతడు మరల తన పనిబల్ల వైపు తిరిగెను.