తెప్పపై ఇద్దరు

తెల్లవారుటకు ఇంకను మూడు గడియలుండగనే విశాఖపట్టణపు జాలరిపేటలలో అలికిడి మొదలగును. ఆ వేళ గాలి నేలనుండి సముద్రమువైపు వీచుచుండును. రాత్రి నేల త్వరగా చల్లారును; నీరు మెల్లగా చల్లారును. వెచ్చని నీటిపైనున్న గాలి తేలికయై పైకి లేవగా, నేలమీది చల్లగాలి అచ్చోటికి జరుగును. ప్రొద్దెక్కిన పిదప నేల వేడెక్కి గాలి ఎదురు తిరుగును. బాలురు భూగోళ పాఠములో చదువుకొను ఈ సంగతిని జాలరి తన తెరచాపవలన నేర్చుకొనెను. పోవునపుడొక గాలి, వచ్చునపుడొక గాలి. రెండును అతనికి చుట్టములే.

నేడు పెక్కుచోట్ల యంత్రము బిగించిన ఫైబరు పడవలు వచ్చినవి. అయినను పాత తెప్ప నెక్కి పోవు ఇద్దరు మిత్రులను తలచికొనుడు. తేలిక కొయ్య దుంగలను త్రాళ్లతో బిగించి కట్టినదే తెప్ప. కెరటము పైబడినను నీరు దుంగల సందులనుండి జారిపోవునే కాని నిలువదు. కావుననే అది మునుగదు. ఆంగ్లములోని ‘కాటమరాన్’ అను మాట కట్టిన కొయ్య అని అర్థమిచ్చు ‘కట్టుమరం’ అను తమిళ పదమునుండి పుట్టినది.

తెప్పను ఒడ్డు కెరటములు దాటించుట ఒక్కనివలన కాదు. పెద్ద కెరటములు వరుసగా వచ్చి విరిగిన పిదప ఒకింతసేపు నీరు శాంతించును. ఆ క్షణమును వెనుకనున్నవాడు కనిపెట్టి కేకవేయవలెను; ముందున్నవాడు వెనుదిరిగి చూడక తెడ్డు వేయవలెను. నమ్మకము లేని ఇద్దరు ఒక తెప్ప నెక్కలేరు.

లోనికి పోయిన పిదప వారికి దారి చూపునది ఒడ్డే. యారాడ కొండ కొన, ఊరిలోని ఒక గుర్తు ఒక వరుసకు వచ్చినచోట వల వేయుదురు. పైఅంచున బెండ్లు, క్రిందిఅంచున బరువులు గల ఆ వల నీటిలో గోడవలె నిలుచును. చేప తల కంటిలో దూర్చి ముందుకు పోలేక, మొప్పలు తగుల్కొని వెనుకకు రాలేక చిక్కును. కంటికన్న చిన్నవి దాటిపోవును. ఏ చేపను పట్టవలెనో, దేనిని విడువవలెనో వల అల్లిననాడే నిర్ణయమగును.

నాడు నీటిమీద వాన చినుకులు పడినట్లు కదలిక కన్పించినది. పైన పక్షులు తిరుగుచున్నవి. కానాగంతల గుంపు! వల లాగుచుండగా నీలి వీపులు, వెండి కడుపులు వరుసగా పైకి వచ్చినవి. ఈ చేపకు లోకమంతటను తెలుగు పేరే. ఈస్టిండియా కంపెనీ కొలువులోనున్న పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున సేకరించిన 200 చేపల వర్ణనలను, చిత్రములను 1803లో లండనునందు ప్రకటించెను. వాటికి ఈ తీరమున వినిన పేర్లనే వ్రాసెను. ఆ గ్రంథము నాధారముగా గొని 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే దీనికి ‘కానగుర్త’ అని పేరిడెను. నేటికిని శాస్త్రగ్రంథములలో దీని నామము రాస్ట్రెల్లిగర్ కానగుర్త. రస్సెలు పేరు నిలిచినది. ఆ మాటను అతనికి చెప్పిన జాలరి పేరు ఎవరును వ్రాసికొనలేదు.

తెప్ప బరువెక్కినది. గుంపు ఇంకను దగ్గరనే యున్నది. ముందున్నవాని చేయి మరల వలపైకి పోయినది.

“బావా, ఇంకోపాలి ఏసేద్దుమా?”

వెనుకనున్నవాడు ఆకాశమును కాక నీటి ముఖమును చూచెను. సన్నని ముడుతలు ఒడ్డువైపునకు తిరుగుచున్నవి.

“సాలు బావా. గాలి తిరిగిపోతంది. సంద్రం రేపూ ఉంటాది.”

మరియొక గంట గడచిన యెడల ఒడ్డున కెరటములు పెరుగును. బరువెక్కిన తెప్ప అచ్చటనే బోర్లపడును. పట్టిన చేప పోవుట అటుంచి, ప్రాణమే పోవచ్చును. ముందున్నవాడు మారుమాటాడక వల చుట్టెను.

ఈ ‘చాలు’ అను మాటనే చట్టమును వేరొక రీతిని చెప్పుచున్నది. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమును కాపాడుటకై తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవల వేట నిషేధింపబడుచున్నది. యంత్రములేని చిన్న తెప్పలకు ఆ నిషేధము లేదు. గాలి, కెరటము, వల కన్ను వానికి హద్దులు పెట్టుచునే యున్నవి.

ఇసుకపై చేపలను పాళ్లు వేసికొనుచుండగా వారి పిల్లలు చుట్టు మూగుదురు. ఒక్కొక్క చేపను ఎత్తి పేరు చెప్పుదురు. అందు కానాగంత పేరు ఏ దేశపు పుస్తకమునందైనను కలదని వారి కెవరును చెప్పియుండరు. బడిలో చెప్పదగిన పాఠములలో అదియు నొకటి.